దగ్గర్ల దిబ్బ ఉన్నదా?

మా బాపు మోటారు సైకిలుకు కట్టిన తాడు ఆ రోజు తనంతట తాను జారలేదు. నేను విప్పాను. విప్పి, నాకు వచ్చినట్టు మళ్లీ కట్టాను. ఈ సంగతి మా బాపుకు తెలియదు, అమ్మకు తెలియదు, ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న స్నేహితులకూ తెలియదు. ఆనాటి డైరీలో కూడా "ఈరోజు ఒక తప్పు చేశాను" అని రాసి, ఏ తప్పో రాయకుండా పేజీ తిప్పేశాను. తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన పోయిన నెల చనిపోయాడు.

ఆయన పేరు రాయను. జహీరాబాద్ చుట్టుపక్కల ఎవరి మోటారు సైకిలు ఎక్కడ ఆగిపోయినా, దాన్ని మెకానిక్ దగ్గరికి చేర్చాలంటే ఆయనకు ఫోన్ చేసేవాళ్లు. మోటారు సైకిళ్లు మోయడానికి పనికొచ్చే బండి కొనడం, అది అరిగిపోయేదాకా మోయడం, మళ్లీ ఇంకొకటి కొనడం. పదిహేనేళ్లకు పైగా ఆయన బతుకు అదే. తన ట్రాలీ ఎక్కిన బండి ఒక్కటి కూడా నేల మీద పడలేదని చెప్పుకునేవాడు. ఆ మాట ఆయన నోట మళ్లీ రాకుండా చేసింది నేను. చేసింది నేనేనని ఆయనకు చెప్పగలనా లేదా అన్నది తొమ్మిదేళ్లు నన్ను తిన్నది.

ఫోన్ ఎత్తగానే ఎవరు, ఎక్కడ, ఏమైంది అని అడిగేవాడు కాదు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "దగ్గర్ల దిబ్బ ఉన్నదా?"

కొత్తవాళ్లు తికమకపడేవాళ్లు. బండి పాడై ఎండలో నిలబడ్డవాడికి దిబ్బతో ఏం పని? ఆయనకు మాత్రం దానితోనే పని. ట్రాలీని వెనక్కి నడిపించి దిబ్బకు ఆనిస్తే దాని ఎత్తూ దీని ఎత్తూ ఒకటవుతాయి. నలుగురు చేరి బండిని లేపే పని లేదు. ఎద్దును కొట్టంలోకి తోలినట్టు ఒక్కడే నడిపించుకుంటూ లోపలికి తీసుకుపోవచ్చు. చెక్క పలక వేసి ఎక్కించడం ఆయనకు నచ్చేది కాదు. పలక మీద బండి ఎక్కే లోపల మనిషి జారతాడనేవాడు. అందుకే మూడు మండలాల దిబ్బలు ఆయనకు కంఠతా వచ్చు. మొగుడంపల్లి దారిలో కాలువ తవ్వి పోసిన మట్టి, రాయికోడ్ దగ్గర సగం కూలిన మొండి గోడ, ఝరాసంగం వైపు చెరుకు లారీలు నింపే గట్టు. మనం ఊళ్లను చుట్టాలతో గుర్తుపెట్టుకుంటాం, ఆయన దిబ్బలతో గుర్తుపెట్టుకున్నాడు. అవతలివాడు ఊరి పేరు చెప్పగానే, బడి వెనక ఎర్రమట్టి దిబ్బ ఉంది, అక్కడికి తోసుకు రమ్మని చెప్పి ఫోన్ పెట్టేసేవాడు.

ఒకసారి ఆ బడి వెనక దిబ్బను రోడ్డు పనివాళ్లు చదును చేశారు. వీధంతా కాక అని పిలిచే ఆయన మా ఇంటి గడపలో కూర్చుని, గొంతు తగ్గించి, "పోయింది వదినా" అన్నాడు. ఎవరో చనిపోయారనుకుని మా అమ్మ చేతిలో ఉన్న టీ గిన్నె కింద పెట్టి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. సంగతి తెలిశాక ఆ టీ ఆయనకు పోయలేదు.

కాక అంటున్నాను గానీ వరస ఏమీ లేదు. వాళ్ల ఇల్లు మా వీధి చివర. మా బాపుకూ కాకే, నాకూ కాకే, కూరగాయలమ్మే ముసలమ్మకూ కాకే. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెడలో ఎర్ర తువ్వాల. ఆదివారం పొద్దున చర్చికి పోయేటప్పుడు మాత్రం తెల్లది. మధ్యాహ్నం దాకా ఆ రోజు ఎవరి ఫోనూ ఎత్తడు. ఇన్ని మోటారు సైకిళ్లు మోసిన మనిషికి మోటారు సైకిలు నడపడం రాదు. నేర్చుకోలేదు. రెండు చక్రాల మీద నిలబడేదాన్ని ఎలా నమ్ముతారో తనకు అర్థం కాదనేవాడు. మెకానిక్ దగ్గర బాగైన బండిని తీసుకుపోతూ ఎవరైనా దీవించమని అడిగితే ఆయన జవాబు వీధంతా తెలుసు.

"నీ బండి సల్లగుండాలె అని దీవిస్తే నా పొయ్యి ఆరుతది. నువ్వు సల్లగుండు, బండి సంగతి నాకిడిసిపెట్టు."

మా వైపు ఒక అలవాటు ఉంది. పాడైన బండిని ట్రాలీలో ఎక్కించాక, అది ఊగకుండా యజమాని దాని మీదే కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటాడు. నడుస్తున్న ట్రాలీలో నడవని బండి మీద ఊరేగుతూ వస్తాడు. కాక ఒప్పుకునేవాడు కాదు. తాడు కూర్చునే చోట మనిషికి పని లేదని కిందికి దింపి, ముందర తన పక్కన కూర్చోబెట్టేవాడు. కూర్చున్నాక మోటారు సైకిలు అద్దాలు రెండూ విప్పి తెచ్చి ఆ మనిషి ఒళ్లో పెట్టేవాడు. పగిలేవి అవేనట. మా ఊరి మగవాళ్లందరినీ నేను అలాగే గుర్తుపెట్టుకున్నాను. బండి చెడిపోయిన దిగులుతో, ఒళ్లో రెండు అద్దాలతో, ఒక్కో అద్దంలో సగం మొహంతో కాక పక్కన కూర్చుని పోతుంటారు. మీసాలు తిప్పుకునే ఆసాములు కూడా అంతే.

ఆయన బండ్లు మూడు. మొదటిది మూడు చక్రాల ట్రాలీ ఆటో. అందులో ఒక్క మోటారు సైకిలే పట్టేది, వెనక చక్రం సగం బయటికి. రెండోది నాలుగు చక్రాల చిన్నది, మా దగ్గర చోటా హాతీ అంటారు. మూడోది పొడుగు పికప్. బండి కొనడంలో ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఇంజను తర్వాత, తళుకు తర్వాత, ముందు ట్రాలీ ఎత్తు. రెండో బండి కొనడానికి పోయినప్పుడు మా బాపు కూడా వెంట పోయాడు. అమ్మే అతను కాగితం చూసి గుర్రాల బలం, మైలేజీ చదువుతున్నాడట. కాక అదేమీ వినకుండా బండి వెనక్కి పోయి, ట్రాలీకి పక్కగా నిలబడి, దాని అంచు తన కాలికి ఎక్కడిదాకా వచ్చిందో అరచేత్తో చూసుకున్నాడట. మొదటిది మోకాలికి పైన. రెండోది తొడ నడిమికి. "తొడదాకనే. తీస్కుందాం" అన్నాడట. అంతే బేరం. తరువాత పికప్ కొన్నప్పుడు అది నడుముదాకా వచ్చింది. బలమైనది, మూడు బండ్లు పడతాయి, ఆయనకూ ఇష్టమే. కానీ మొదటి వారం రోజులు మొహం ముడుచుకునే తిరిగాడు. ఏమైంది కాకా అంటే, "నా దిబ్బలన్ని పొట్టిగైనయి బిడ్డా" అన్నాడు.

మా మాటలో బండి అంటే ఏదైనా బండే. మోటారు సైకిలూ బండే, కాక ట్రాలీ బండే, ఎడ్లు లాగేదీ బండే. చోటా హాతీ ఉన్న రోజుల్లో ఒక రైతు ఫోన్ చేసి, చేను దగ్గర బండి ఆగిపోయింది, వెనక చక్రం ఊడి వచ్చింది, జల్ది రా అన్నాడు. దిబ్బ ఉన్నదా అంటే దిబ్బ పక్కనే ఉన్నామన్నాడు. కాక పదిహేను కిలోమీటర్లు పోయి చూస్తే కందికట్టెతో నింపిన ఎడ్లబండి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడ్లు రెండూ నీడలో నెమరేస్తున్నాయి. ఇదేం బండి అని కాక అడిగాడు. రైతుకు కోపమొచ్చింది.

"బండంటే బండి గాదా కాకా? మా తాత కాలం నుంచి బండే."

కాక కాసేపు దాని చుట్టూ తిరిగాడు. బండి మొత్తం ట్రాలీలో పట్టదు. చక్రాన్ని ఒక్కదాన్నే దొర్లించి, దిబ్బ మీది నుంచి ఎక్కించి, మోటారు సైకిలుకు కట్టినట్టే రెండు వైపులా తాళ్లు కట్టాడు. ఒళ్లో పెట్టడానికి అద్దాలు లేవు. చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే ఇనుప చీల మట్టిలో పడి ఉంటే వెతికి తీసి, తువ్వాలతో తుడిచి రైతు చేతికిచ్చి, ముందర కూర్చోబెట్టుకుని వడ్రంగి దగ్గరికి తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి ఫోన్లో ఆయన ప్రశ్నలు రెండయ్యాయి. దిబ్బ ఉన్నదా? ఇంజను ఉన్నదా?

ఇక తాడు సంగతి.

నేను పదో తరగతి. చోటా హాతీ కొని అప్పటికి ఏడాది కాలేదు. ఒక షోరూమ్‌వాళ్లు తమ కొత్త మోటారు సైకిళ్లను రాయికోడ్‌లోని చిన్న దుకాణానికి చేర్చే పని ఆయనకు ఇచ్చారు. ఆ పని చూసుకునే నాలుగు చక్రాల బండి కొన్నాడు. వారానికి ఒకటో రెండో కొత్త బండ్లు, పసుపు కుంకుమ ఇంకా పడనివి, అట్టముక్కలు చుట్టినవి. వాటిని తీసుకుపోయేటప్పుడు ఆయన నడిపే తీరే వేరుగా ఉండేది. పెళ్లికూతురిని తీసుకుపోతున్నట్టు పోతాడని వీధిలో నవ్వేవాళ్లు.

ఒక పొద్దున మా బాపు బండి ఇంజను పట్టేసింది. బాపు విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు, బండి లేకపోతే కాలు ఆడదు. కాక అప్పటికే ఒక కొత్త బండిని ట్రాలీలో కట్టుకుని రాయికోడ్‌కు పోతున్నాడు. దారిలో మెకానిక్ దగ్గర దింపేస్తాలే అని మా ఇంటి ముందు ఆపాడు. హ్యాండిళ్లు ఒకదానికొకటి తగలకుండా, కొత్తదాని తల ముందుకు ఉంటే బాపు బండి తల వెనక్కి పెట్టి కట్టాడు. కట్టేసి టీ తాగడానికి లోపలికి వచ్చాడు.

నా డైరీ ఆ బండిలో ఉంది. అరచేతంత పుస్తకం. ఇంట్లో ఎక్కడ దాచినా మా తమ్ముడు వెతికి తీసి, అందులో నేను రాసుకున్నవి అన్నం తినేటప్పుడు గట్టిగా చదివేవాడు. అందుకని బాపు బండి సీటు కింద పనిముట్లు పెట్టే పక్క డబ్బాలో దాచేదాన్ని. దాని తాళం ఎప్పుడో పోయింది, బాపు ఎన్నడూ తెరవడు. కానీ మెకానిక్ తెరుస్తాడు. తెరిచి చదువుతాడు. నలుగురికి చదివి వినిపిస్తాడు. నలుగురి ముందు నా పేరు పిలిస్తేనే చెమటలు పట్టే పిల్లను నేను.

వాళ్లు లోపల టీ తాగుతుంటే ట్రాలీ ఎక్కాను. డబ్బా మూత మీది నుంచే తాడు పోయింది. ముడి విప్పాను, డైరీ తీసుకున్నాను, మూత మూశాను, మళ్లీ ముడి వేశాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే, బడికి పోయేటప్పుడు జడకు రిబ్బన్‌తో వేసుకునేది. రెండు చెవులూ సమానంగా వచ్చేదాకా సర్ది మరీ దిగాను. టీ తాగి వచ్చిన కాక ఎక్కి బండి తీశాడు. బాపు పక్కన కూర్చున్నాడు, ఒళ్లో అద్దాలు.

రైలు గేటు దగ్గర మలుపులో మా బాపు బండి ఒరిగింది. ఒరిగి కొత్తదాని మీద పడింది. రెండూ కలిసి ట్రాలీ పక్క రేకు మీది నుంచి రోడ్డు మీద పడ్డాయి. మనుషులకు ఏమీ కాలేదు. బాపు బండి హ్యాండిల్ వంగింది. కొత్త బండి పెట్రోలు ట్యాంకు సొట్టపోయింది, లైటు పగిలింది.

సాయంత్రం బాపు ఇంటికొచ్చి చెప్తుంటే నేను వంటింటి గోడకు ఆనుకుని విన్నాను. గేటు దగ్గర జనం పోగయ్యారట. కాక మొదట బండ్ల వైపు పోకుండా తాడు చేతిలోకి తీసుకుని శానాసేపు చూశాడట. తర్వాత షోరూమ్ మేనేజరు వచ్చి అరుస్తుంటే తల వంచుకుని ఒకటే మాట అన్నాడట, తప్పు తనదేనని. మేనేజరు ఆ రోజుతో పని మాన్పించాడు. "ముసలోనికి ముడి పట్టు తప్పింది" అన్నాడు బాపు, జాలిగా. ఆయన ముసలివాడేమీ కాదు అప్పటికి. ముడి పట్టూ తప్పలేదు. లోపలికి పోయి ఆ విషయం చెప్పడానికి నాకు పది అడుగుల దూరం. నడవలేకపోయాను.

షోరూమ్ పని పోయాక ఆయన మళ్లీ చేలవెంట, పోలీస్ స్టేషన్ల వెంట పాడైన బండ్లే మోశాడు. రెండేళ్లలో కొందామనుకున్న పికప్ కొనడానికి ఏడేళ్లు పట్టింది. మాటల్లో కూడా ఒక మార్పు వచ్చింది. తన ట్రాలీలో బండి పడలేదు అనే మాట పోయింది. దాని స్థానంలో, కొత్తగా వచ్చినవాళ్లకు వాళ్లు అడగకముందే తానే చెప్పేవాడు, తన ట్రాలీలో ఒకటి పడ్డదని. అలా చెప్తే ఎవరు ఎక్కిస్తారు కాకా అని మెకానిక్ ఎగతాళి చేస్తే, "పడ్డదని చెప్పనోని ట్రాలీల ఎక్కించు పో. వానిది రేపు పడ్తది" అన్నాడు.

ఇంకొక అలవాటు మొదలైంది. ఎటు నుంచి ఎటు పోయినా, బయలుదేరాక రోడ్డు కింద నీళ్లు పోయేందుకు కట్టిన మొదటి మోరి దగ్గర ఆపేవాడు. దిగేవాడు. ట్రాలీ చుట్టూ తిరిగి ఒక్కొక్క తాడునూ రెండు చేతులా గుంజి చూసేవాడు. తిరిగి ఎక్కేవాడు. మొదట్లో నవ్వులే. కాకకు షుగర్ వచ్చింది, పోయిన చోటల్లా ఆపుతున్నాడు అన్నారు. తర్వాత బొంబాయి రోడ్డు మీద ఊరు దాటగానే వచ్చే మోరి దగ్గర ఇంకో ట్రాలీ ఆగడం చూశాను. ఇంకోటి. కొత్తగా బండి కొన్న డ్రైవర్లు ఒక రోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్చుకునేవాళ్లు. ఆయన వాళ్లకు గేరు గురించి చెప్పడు, బేరం గురించి చెప్పడు. మోరి దగ్గర ఆపించి, రైలు గేటు దగ్గర బండ్లు పడ్డ కథ చెప్తాడు. ఇప్పుడు ఆ మోరికి తాళ్ల మోరి అని పేరు.

నేను చెప్పాలని చూడలేదని కాదు. పదో తరగతి పాసైనప్పుడు అమ్మ మిఠాయి ఇచ్చి వాళ్లింటికి పంపింది. దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆయన రెండు తీసుకుని ఒకటి తిని, ఒకటి బండి స్టీరింగ్ ముందు పెట్టి, "ఇది దానికి" అన్నాడు. నేను తిరిగి వచ్చేశాను. ఇంటర్‌లో నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నాలుగో పేజీ దాకా అసలు విషయం రాలేదు, ఐదో పేజీ రాయలేదు. ఆయన మాత్రం నాతో ఏమీ మారలేదు. ఎదురైతే, మంచిగ సదువుతున్నవా బిడ్డా అనేవాడు. ఆ తాడును శానాసేపు చూసిన మనిషికి తెలియకుండా ఉంటుందా అనిపించేది. తెలిస్తే ఇలా పలకరిస్తాడా అని కూడా అనిపించేది. ఈ రెండింటి మధ్య డిగ్రీ అయిపోయింది, బి.ఎడ్. అయిపోయింది.

ఇప్పుడు ఝరాసంగం దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్తున్నాను. పిల్లల ముందు నాకు గొంతు వస్తుంది, అది నాకే ఆశ్చర్యం. సెకండ్ హ్యాండ్ స్కూటీ ఒకటి కొనుక్కున్నాను. రెండు నెలల కింద, తొలి వానలు పడ్డ వారం, బడి విడిచాక దాని బెల్టు తెగింది. ఫోన్ తీయకముందే చుట్టూ చూశాను. అర కిలోమీటరు తోసుకుంటూ చెరుకు లారీలు నింపే గట్టు దాకా తీసుకుపోయాను. అప్పుడు కాకకు ఫోన్ చేశాను. దిబ్బ ఉన్నదా అన్నాడు. దిబ్బ మీదనే ఉన్న కాకా అన్నాను. అవతల నవ్వు. అంతగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. తన పనిని ఇంకొకరు అర్థం చేసుకుంటే కలిగే సంతోషం అది అనుకుంటాను.

పికప్‌ను గట్టుకు ఆనించి స్కూటీని ఎక్కించాడు, కట్టాడు, అద్దాలు విప్పి నా ఒళ్లో పెట్టాడు. బయలుదేరాం. ఎడమ చేతి అద్దంలో ఆయన చెవీ, తువ్వాలా, గడ్డం కొంచెం కనపడుతున్నాయి. మనిషిని చూడకుండా మనిషిలోని ఒక ముక్కను చూస్తూ మాట్లాడవచ్చని అప్పుడే తెలిసింది. ఆ గడ్డంతో అన్నాను.

"కాకా, ఆనాడు తాడు నేను ఇప్పిన. బాపు బండి పడ్డనాడు."

డైరీ సంగతి, పక్క డబ్బా సంగతి అంతా చెప్పాను. మొదటి మోరి వచ్చింది. ఆపాడు, దిగాడు, నాలుగు తాళ్లూ గుంజి చూశాడు. ఆ నాలుగు తాళ్లకూ నాకు ఒక సంవత్సరం పట్టినట్టు అనిపించింది. ఎక్కి కూర్చుని, తలుపు వేసుకుని అన్నాడు.

"ఎర్కనే."

నేను ఆయన వైపు తిరిగాను.

"రిబ్బన్ ముడి ఏసేటోళ్లు ఆ ఇంట్ల ఎవరున్నరు బిడ్డా? మీ బాపు ఏస్కుంటడా జడ?"

నవ్వొచ్చింది. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే పడ్డ బండ్లు లేస్తాయా అన్నాడు. ఇంకేమీ అడగనివ్వలేదు. ఊరు దగ్గరపడే కొద్దీ నాలో ఏదో సర్దుకుంది. తొమ్మిదేళ్ల బరువు దిగితే మనిషి పొడుగవుతుందేమో. సీటులో నిటారుగా కూర్చుని, రేపే అందరికీ చెప్తానన్నాను. ఆ షోరూమ్‌కు పోయి మేనేజరుకు చెప్తాను, మెకానిక్‌కు చెప్తాను, ట్రాలీల అడ్డా దగ్గర నిలబడి డ్రైవర్లందరికీ చెప్తాను, కాక ముడి జారలేదని. నేనే ఆ మాటలు అంటున్నానా అనుకున్నాను గానీ, నిజంగా చెప్పాలనే అనుకున్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. ఆయన మొహం గట్టిపడింది.

ఆ తర్వాత ఇరవై రోజులకు, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మధ్యలో రెండుసార్లు పికప్‌లో పోతుండగా దూరం నుంచి చూశాను, మాట్లాడుకోలేదు. మరునాడు ఆయన్ని తీసుకుపోయింది ఆ పికప్‌లోనే. పెట్టెకు రెండు తాళ్లు కట్టారు. సమాధుల తోటకు పోయే దారి కూడా బొంబాయి రోడ్డే. బండి నడుపుతున్న డ్రైవరు తాళ్ల మోరి దగ్గర ఆపాడు, దిగాడు, ఆ రెండు తాళ్లనూ గుంజి చూసి మళ్లీ ఎక్కాడు. వెనక వస్తున్న ఏ ఒక్కరూ హారన్ కొట్టలేదు, ఎందుకాపావని అడగలేదు. మా అమ్మ పక్కన నిలబడి అది చూశాకే ఆయన నాతో చివరగా అన్న మాట పూర్తిగా అర్థమైంది.

స్కూటీ చెడిన రోజు మెకానిక్ షెడ్డు ముందు కాక దాన్ని దింపాడు. షెడ్డు పక్కన దిబ్బ లేదు, ఎత్తు అరుగు ఉంది. నా ఒళ్లోని అద్దాలు తీసుకుని బిగించాడు, రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో వంగి చూశాడు. మెకానిక్ లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను అటు నడవబోయాను, ఆ మాట అతనికే ముందు చెప్దామని. కాక చెయ్యి అడ్డం పెట్టాడు. కోపం లేదు, కానీ నేనెప్పుడూ వినని గొంతు.

"నువ్వు ఇప్పినవ్, నిజమే. సాయ తాగొచ్చి సూడకుండ ఎక్కినోన్ని నేను. దిగి ఒక్కసారి గుంజి సూస్తే నీ రిబ్బన్ ముడి నా చేతులకు రాకపోవునా? నీ తప్పు నువ్వు తీస్కపో బిడ్డా, నా తప్పు జోలికి రాకు. దాని మీదనే ఇంతమంది దిగి సూస్తున్నరు."